పిల్లలుండాయా

మొన్న మధ్యాహ్నం వసారాలో కూర్చుని కొత్త చింతపండుకు ఉప్పు కలిపి కుండకు ఎత్తుతున్నాను. మా మనవరాలు పక్కనే గోడకానుకుని ఫోను చూస్తోంది. దానికి తొమ్మిదేళ్లు, ఆ ఫోనుకు మూడేళ్లు. సొంత చెల్లెలిని చూసుకున్నట్టు చూసుకుంటుంది దాన్ని. ఉన్నట్టుండి అందులోంచి ఒక ఆడమనిషి ఏడుపు గొంతు వినబడింది. తమిళంలో చెబుతోంది. మన జిల్లాలోకి పిల్లల్ని ఎత్తుకుపోయే గుంపు దిగిందట. దుప్పట్లు అమ్మేవాళ్ల మాదిరి బండ్ల మీద వస్తారట. వాళ్ల భాష వేరట. పిల్లలకు చాక్లెట్లు ఇస్తారట. మీకూ బిడ్డలుంటే ఈ మాట పది మందికి పంపండి అని ముగించింది. ఆమె ఎవరో, ఏ ఊరో, ఎవరి బిడ్డ పోయిందో ఒక్క ముక్క చెప్పలేదు. ఏడ్చింది, అంతే. ఏడ్చేవాళ్లను సాక్ష్యం ఎవరడుగుతారు?

ఆ గొంతు ఆగిందో లేదో, వీధిలో మోటారు సైకిలు చప్పుడైంది. దుప్పట్ల మనిషి. ఉత్తరాది నుంచి వచ్చినవాడు, రెండేళ్లుగా మా వీధికి వస్తున్నాడు. బండి వెనక దుప్పట్ల మూట కట్టుకుని, వచ్చీరాని తమిళంలో "కంబళి, కంబళి" అని పిలుస్తాడు. నేను చేతులు కడుక్కుని లేచేలోపలే మనవరాలు తలుపు గడియ పెట్టి, కిటికీ ఊచల మధ్య నుంచి ఫోను చాచి అతన్ని వీడియో తీసింది.

"ఏం చేస్తుండావు మే?"

"మన ఊరి గ్రూపులో పెట్టినాను అవ్వా. అందరూ జాగ్రత్తగా ఉండాల కదా."

"తీసెయ్."

"అప్పుడే చూసేసినారు అవ్వా. వేరే గ్రూపుకు కూడా పంపినారంట."

నాకు కోపం రాలేదు. భయం వేసింది. చింతపండు వాసన పట్టిన చేతులతో అలాగే నిలబడిపోయాను. నాకూ దాని వయసే ఉన్నప్పుడు, ఇదే వాసన మధ్య, ఇలాంటి మాటే ఒకటి మా ఊరికి వచ్చింది.

మాది తమిళనాడులో, పెద్ద రోడ్డుకు రెండు ఫర్లాంగులు లోపలగా ఉన్న చిన్న పల్లె. అందరం తెలుగువాళ్లం. ఎప్పుడు ఎక్కడినుంచి వచ్చామో ఎవరికీ తెలియదు. మా అవ్వను అడిగితే "మనం యాడినుంచీ రాలేదు, ఈడనే ఉండాము" అనేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. రోడ్డు మీది ఊరు తమిళ ఊరు. బడి, టీకొట్టు, సైకిలు షాపు, పంచాయతీ ఆఫీసు అన్నీ అక్కడే. బస్సెక్కితే ఒక పక్క కడత్తూరు సంత, ఇంకో పక్క ధర్మపురి. అంతకు మించి లోకం ఉందని పేపరు చెబితే నమ్మేవాళ్లం.

శివరాత్రి వచ్చే మాసి నెల మొదలైందంటే పల్లెంతా చింతపండే. రాలగొట్టిన కాయల్ని ఎండబెట్టి, పెంకు ఒలిచి, నార లాగి, గింజ తీయడానికి ఆడవాళ్లంతా ఒక వసారాలో చేరేవాళ్లు. ప్రతి ఒక్కరి ముందూ ఒక రాయి, చేతిలో ఒక ఇనుప కడ్డీ. టక్కున కొడితే గింజ ఎగిరి పక్కన పడాలి, పండు నలగకూడదు. మా అవ్వ కడ్డీ కళ్లు మూసుకున్నా తప్పేది కాదు. ఆ పులుపుకు అందరి వేళ్లూ పగిలి మండేవి. సాయంత్రం ఆముదం రాసుకుని, సంగటి ముద్ద ఎడమ చేత్తో తినేవాళ్లు కూడా ఉన్నారు. మేం పిల్లలం ఆ గింజల్ని పెనం మీద వేయించి, పొట్టు ఊదేసి, పొద్దుగూకేదాకా నములుతూ తిరిగేవాళ్లం. పచ్చి చింతకాయకు ఉప్పుకారం అద్ది పుల్లకు గుచ్చి చీకేవాళ్లం. పళ్లు పులిసి రెండు రోజులు సంగటి కూడా మింగలేకపోయినా బుద్ధి వచ్చేది కాదు.

ఆ కాలానికి మేకలు ఈని ఉండేవి. ప్రతి ఇంట్లోనూ మేకలుండేవి. పాలు మానిన పిల్లల్ని కొనుక్కోవడానికి ఏటా ఒక పెద్దాయన వచ్చేవాడు. కుప్పం దిక్కు మనిషి. సైకిలుకు రెండు పక్కలా రెండు వెదురు గంపలు, గంపల్లో ఎండుగడ్డి, తలకు ఎర్రటి గుడ్డ, గళ్ల లుంగీ. తెలుగు పల్లె నుంచి తెలుగు పల్లెకు కాలిబాటలు పట్టుకుని వచ్చేవాడు, తమిళం ముక్క రాదు. వీధి మొదట్లోనే గొంతు ఎత్తేవాడు.

"పిల్లలుండాయా... పిల్లలూ..."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనుషుల పిల్లల్ని అడిగేటప్పుడు మేం ఉండారా అంటాం. మేకపిల్లల్నయితే ఉండాయా అంటాం. ఆ ఒక్క అక్షరంలోనే ఎవరి పిల్లలో తెలిసిపోతుంది. తమిళంలో అలా కాదు. వాళ్లకు పిళ్ళై అంటే మనిషి బిడ్డే. మేకకు పుట్టింది కుట్టి. ఇంట్లో నేను మేకపిల్ల అనేదాన్ని, బడిలో ఆట్టుకుట్టి అనేదాన్ని. రెండు చెప్పుల జతల్లా ఎక్కడ విడిచేది అక్కడ విడిచి, ఎక్కడ తొడిగేది అక్కడ తొడిగేదాన్ని.

ఆయన్ను మేం పిల్లలాయన అనేవాళ్లం. ఆయన వస్తే మాకు పండగే. ఎవరింట్లో మేకపిల్లను కొంటే ఆ ఇంటి పిల్లలకు లుంగీ మడతలోంచి వేరుశనగ బెల్లం ముక్క తీసి ఇచ్చేవాడు. తల్లిమేక అరుస్తుంటే దాని గడ్డం నిమిరి "ఏడవద్దు తల్లీ, బాగా చూసుకుంటాలే" అనేవాడు. మా అవ్వ ఆయనకు సంగటి, అనపగింజల పులుసు పెట్టేది. తిన్న ఆకు తనే తీసి మేకకు వేసేవాడు. ఆ మాటా ఈ మాటా చెప్పుకుని, రెండు గంపల్లోంచి నాలుగు చెవులు బయటికి వేలాడుతుండగా సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు.

ఆ ఏడు పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. ఆదివారం సాయంత్రం సినిమా వేసేవాళ్లు. రెండు ఊళ్ల జనమూ అక్కడే. మగవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లు నేల మీద, మేం అందరి కాళ్ల మధ్య. ఆ సినిమాల్లో ఒక చిత్రం కనిపెట్టాను. ఎవడైనా దొంగో, మోసగాడో, వెకిలివాడో వస్తే వాడి తమిళం మా ఇంటి తమిళంలా ఉండేది. మా నాయన రోడ్డు మీది ఊళ్లో మాట్లాడే తమిళం, మా అవ్వ కడత్తూరు సంతలో బేరమాడే తమిళం, అచ్చంగా అదే. వాడు నోరు తెరవగానే జనం గొల్లుమని నవ్వి, మేం కూర్చున్న వైపు ఒకసారి తిరిగి చూసేవాళ్లు. మేం కూడా నవ్వేవాళ్లం. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. ముందు నవ్వితే మన వైపు చూడరని ఆ వయసుకే తెలుసుకున్నాను.

ఒక ఆదివారం వేసిన సినిమాలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు ఒకడు వచ్చాడు. తలగుడ్డ, గళ్ల లుంగీ, వీపున గంప, చేతిలో మిఠాయి. మాట మా మాటే. ఆ సినిమా కథ ఏమిటో, చివరికి ఆ పిల్లలు ఇల్లు చేరారో లేదో నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ తలగుడ్డ మాత్రం గుర్తుంది. మర్నాటి నుంచి బడిలో మా ఆట మారిపోయింది. ఒకరు తువ్వాలు తలకు చుట్టుకోవాలి, తట్ట పట్టుకోవాలి, తెలుగులో అరుస్తూ తరమాలి. తెలుగు బాగా వచ్చని ఆ వేషం ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్లు. నేను చాలా బాగా చేసేదాన్ని.

తరవాత పేపరు. టీకొట్టు ముందు ప్రతి పొద్దునా ఒక పోస్టరు వేలాడదీసేవాళ్లు, ఆనాటి పేపర్లో పెద్ద సంగతి ఏమిటో నల్లటి పెద్ద అక్షరాల్లో. ఆ నెలలో ఒక రోజు అది పిల్లల్ని పట్టే గుంపు గురించి. మా నాయన టీ తాగుతూ పేపరు చదివి వచ్చి ఇంట్లో చెప్పాడు. ఎక్కడో దూరపు జిల్లాలో ఒక బిడ్డ కనబడలేదట, వేరే భాష మాట్లాడేవాళ్ల మీద అనుమానమట. లోపల ఉన్నది అంతే. పోస్టరు మీద అనుమానం లేదు, దూరమూ లేదు.

ఆ మాట చింతపండు వసారాలోకి వచ్చాక పెరగడం మొదలుపెట్టింది. ఒక్కో కడ్డీ దెబ్బకు ఒక్కో ముక్క చేరింది.

"కండ్లు పీకి అమ్ముకుంటారంట."

"కాదంట, కాళ్లు ఇరిచి అడుక్కునేదానికి కూర్చోబెడతారంట."

"పెన్నాగరం దిక్కులో ఇద్దర్ని ఎత్తుకపోయినారంట."

పెన్నాగరం వాళ్లను ఎవరైనా అడిగితే మా దిక్కులో అని చెప్పి ఉంటారు. మా అవ్వ కూడా అందరితో పాటు తల ఊపింది. "తెలుగు మాట్లాడతారంట గదమ్మా ఆ ముండాకొడుకులు" అని తెలుగులోనే అంది. ఆ మాట అన్నందుకు అక్కడ ఒక్కరికీ నవ్వు రాలేదు.

బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఉండేది. టీకొట్టాయన కూతురు. నాకున్న ఒకే ఒక తమిళ స్నేహితురాలు. ఆ వారం అది నన్ను అడిగింది, పిల్లల్ని పట్టేవాళ్లు మీ భాషే కదా, మీ చుట్టాలా అని. వెనక బెంచీలోంచి ఎవరో గొల్టి అన్నారు. తెలుగువాళ్లను ఏడిపించే మాట అది. మర్నాటి నుంచి రెండు రోజులు అది నా పక్కన కూర్చోలేదు. ఆ రెండు రోజులూ నేను ఇంట్లో కూడా తమిళమే మాట్లాడాను. సంతకు పోయేటప్పుడు మా అవ్వతో, జనంలో నన్ను తెలుగులో పిలవొద్దని చెప్పాను. మా అవ్వ నా మొహం చూసి ముందు నడిచింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపుకు సిగ్గేస్తుంది.

మూడో రోజు బడి మధ్యాహ్నానికే వదిలేశారు. గుంపులుగా పోండి, ఎవరేం ఇచ్చినా తీసుకోవద్దు అని అయ్యవారు చెప్పాడు. గుంపులుగా పోవాలి కాబట్టి నా స్నేహితురాలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ చెయ్యి అలా పట్టుకునే ఉంటే చాలు, ఇంకేమీ వద్దు అనిపించింది.

సైకిలు షాపు దగ్గర పిల్లలాయన కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఈ ఊళ్లోకి రానివాడు, ఆ రోజు టైరు పగిలి తోసుకుంటూ వచ్చాడు. రెండు ఖాళీ గంపలు పక్కన నేల మీద ఉన్నాయి. బడి వదిలిన చిన్న పిల్లలు గంపల చుట్టూ మూగారు. ఆయన అలవాటుగా లుంగీ మడతలోంచి బెల్లం ముక్క తీసి అందరికంటే చిన్నదానికి ఇచ్చాడు.

కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న దాని తల్లి చూసింది. బిందె వదిలేసి వచ్చి, బిడ్డ చేతిలోని ముక్కను కొట్టి పడేసింది. నువ్వెవరు అని షాపతను తమిళంలో అడిగాడు. ఆయన నవ్వుతూ తెలుగులో చెప్పాడు.

"పిల్లల కోసరం వచ్చినానప్పా. పిల్లల్ని పట్టుకోని పోయేదానికి."

అందులో అక్కడున్నవాళ్లందరికీ తెలిసిన మాట పిల్లలు ఒక్కటే. టీకొట్టు బెంచీలు ఖాళీ అయ్యాయి. ఎవరో ఆయన తలగుడ్డ లాగి చూశారు. ఇంకెవరో గంప తిరగేశారు. గడ్డి, నాలుగు పలుపుతాళ్లు పడ్డాయి. తాళ్లను చూశాక గొంతులు ఇంకా పెరిగాయి. అప్పుడు ఆయన చుట్టూ చూసి, జనం మధ్య నన్ను గుర్తు పట్టాడు. ఆయన మొహం విచ్చుకుంది.

"పాపా, నువ్వు రామ్మా. ఈళ్లకు చెప్పు."

నా స్నేహితురాలు నా చెయ్యి వదిలేసింది.

టీకొట్టాయన నన్ను ముందుకు తీసుకొచ్చాడు. నీకు వాడి భాష తెలుసు కదా, వాడేమంటున్నాడో ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాడు. అంతమంది పెద్దవాళ్లు నా నోటి మాట కోసం ఎదురు చూడటం అదే మొదటిసారి. ఆయన నాకు అర్థం కావాలని మెల్లగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు.

"పిల్లల కోసరం వచ్చినానని చెప్పు తల్లీ. పిల్లల్ని పట్టుకోని పోతానని చెప్పు. ఏటేటా వస్తానని చెప్పు."

నేను చెప్పాను. "పిళ్ళైంగళ పుడిక్క వందారాం" అన్నాను. పిల్లల్ని పట్టుకోవడానికి వచ్చాడట అని. ఏటేటా వస్తాడట అని కూడా చెప్పాను. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఆయన చెప్పిందే చెప్పాను. నా తమిళంలో పిళ్ళై అన్న మాట వినబడగానే ఆయన సంబరంగా తల ఊపాడు.

"ఆ, అదే. అదే."

మొదటి దెబ్బ సైకిలుకు గాలి కొట్టే పంపుతో పడింది. ఆ తరవాత ఎవరు కొట్టారో, ఎవరు కొట్టలేదో చెప్పలేను. నేను చూస్తూనే ఉన్నాను, కళ్లు మూసుకోలేదు. ఆయన చేతులు అడ్డం పెట్టుకుని మా మేకల గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. మా ఇంటి నల్లమేక పిల్లలు ఈ పాటికి పాలు మాని ఉంటాయని, వాటి కోసమే వచ్చానని. వినేవాళ్లు లేరు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

పిల్లల్ని పట్టేవాడు చిక్కాడని మా పల్లెకు కబురు పోయింది. చింతపండు వసారా మొత్తం లేచి పరుగెత్తుకొచ్చింది. మా అవ్వ గింజలు కొట్టే కడ్డీ చేతిలోనే పట్టుకుని వచ్చింది. ఊరికే చూసిపోదామని రాలేదు, నాకు తెలుసు. జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, కడ్డీ ఎత్తి, కింద ఉన్న మనిషి మొహం చూసింది. కడ్డీ జారి పడిపోయింది.

అవ్వ ఆయన పక్కన కూలబడి తమిళంలో అరవడం మొదలుపెట్టింది. సినిమాల్లో జనం నవ్వే ఆ తమిళంలోనే. "ఆట్టుకుట్టి, ఆట్టుకుట్టి" అని రెండు చేతులతో మేకపిల్ల ఎత్తు చూపిస్తూ అరిచింది. ఎన్నిసార్లు అరిచిందో. కొంచెం కొంచెంగా చేతులు ఆగాయి. అప్పటికి ఆయన మాట్లాడటం ఆపేశాడు.

పాల వ్యానులో ఆయన్ను ధర్మపురి ఆస్పత్రికి తీసుకుపోయారు. మా నాయన వెంట పోయాడు. జనం ఒక్కొక్కరే వాళ్ల పనులకు పోయారు. కొళాయి దగ్గర బిందె నిండి పారుతుంటే ఆ తల్లి పోయి కట్టేసింది. సైకిలు షాపతను ఆ పగిలిన టైరు మళ్లీ ఒళ్లోకి తీసుకుని అతుకు వేసి, అదే పంపుతో గాలి కొట్టి, సాయంత్రం సైకిలును మా ఇంటికి తోసుకొచ్చి గోడకు ఆనించి వెళ్లాడు. గంపలు కూడా తెచ్చాడు.

మర్నాడు టీకొట్టు ముందు పోస్టరు మీద మా ఊరి సంగతే. పిల్లల్ని పట్టేవాడు చిక్కాడు, జనం బుద్ధి చెప్పారు అని. మా ఊరి పేరు అంత పెద్ద అక్షరాల్లో మేం ఎప్పుడూ చూడలేదు. కొందరు ఆ పోస్టరును దాచుకున్నారు. ఐదో రోజు పిల్లలాయన ఆస్పత్రిలో పోయాడు. మా నాయన ఆ తరవాత నెల రోజులు పొద్దున్నే పోయి పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివేవాడు, ఎక్కడైనా ఒక మూల ఆయన మేకల వ్యాపారి అని వేస్తారేమోనని. వెయ్యలేదు. పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. మా ఊళ్లో ఎవరూ ఏమీ చూడలేదు. మా ఇంట్లో కూడా ఎవరూ ఏమీ చూడలేదు. మా నాయన అలాగే చెప్పాడు. మనం ఇక్కడే బతకాల కదా అన్నాడు మా అమ్మతో.

చింతపండు పని ముగిసే రోజుల్లో పిల్లలాయన కూతురు వచ్చింది. మా అమ్మ వయసు ఉంటుంది. సైకిలు తీసుకుపోవడానికి వచ్చానంది. చంకలో ఒక మేకపిల్ల ఉంది, నల్లది, ఒక చెవి తెల్లగా. అవ్వ ఆమెను కూర్చోబెట్టి సంగటి పెట్టింది. ఆమె రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది.

"మా నాయన ఆస్పత్రిలో రెండు దినాలు బాగానే మాట్లాడినాడు పెద్దమ్మా. అందరూ కొట్టినారు గానీ ఒక పాప మాత్రం నా తట్టు మాట్లాడింది అన్నాడు. పిల్లలు పిల్లలు అని గట్టిగా చెప్పింది, నా చెవులారా విన్నాను, వాళ్లే వినిపించుకోలేదు అన్నాడు. ఆ పాపకు ఒక పిల్లను ఇచ్చిరమ్మన్నాడు. ఆ పాప మీ ఇంట్లోనే ఉండాదంట గదా?"

అవ్వ నా వైపు చూసింది. ఆమె లేచి వచ్చి ఆ మేకపిల్లను నా ఒళ్లో పెట్టింది. వెచ్చగా ఉంది. నా వేలు నోట్లో పెట్టుకుని చీకింది. ఆమె నా తల నిమిరి, "సల్లగా ఉండు తల్లీ" అంది. తరవాత ఖాళీ గంపల సైకిలు తోసుకుంటూ పోయింది. ఆమెకు తొక్కడం రాదు.

ఆమె కనుమరుగయ్యాక అవ్వ అడిగింది.

"ఏమని చెప్పినావే ఆ పొద్దు?"

"ఆయప్ప చెప్పిందే చెప్పినాను."

"కుట్టి అని ఎందుకు చెప్పలేదు?"

"గుర్తుకు రాలేదు."

అవ్వ "సరే" అని లేచి, ఆ మేకపిల్లను తీసుకుపోయి కట్టేసింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ సాయంత్రం మేకల్ని లోపలికి తోలేటప్పుడు "కుట్టిని గూడా కట్టేయండి" అంది తెలుగులో. మా ఇంట్లో మేకకు పుట్టినదాన్ని పిల్ల అనడం ఆ రోజుతో ఆగిపోయింది. అవ్వ చచ్చిపోయేదాకా అనలేదు, ఆమెను విని మేమూ మానేశాం. నల్లమేక కుట్టి, తెల్లమేక కుట్టి. నా కొడుకు అలాగే అంటాడు, మనవరాలూ అంతే. అది తెలుగు మాటే అనుకుంటారు వాళ్లు.

నేను నలభై దాటాక హోసూరు దిక్కు చుట్టాలింట్లో ఒక పిల్లకాయ వాచకం చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇదంతా రాయగలుగుతున్నది అందుకే. ఆయన తట్టు మాట్లాడిన పాపను నేనే కాబట్టి, ఆయన భాషలో రాయాలనుకున్నాను.

మొన్న నేను గడియ తీసి బయటికి వెళ్లాను. దుప్పట్ల మనిషిని పిలిచి మా వసారాలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. మనవరాలితో మళ్లీ వీడియో తీయించాను. ఈ మనిషి మా ఇంట్లో కూర్చున్నాడు, దుప్పట్లు అమ్ముకునేవాడు, నేను ఒకటి కొన్నాను అని తమిళంలో చెప్పాను. గ్రూపులో పెట్టించాను. మొదటి వీడియో అప్పటికే ఎన్ని ఊళ్లు దాటిందో, పళ్లిపట్టి నుంచి మా అల్లుడు ఫోను చేసి, మీ ఊళ్లో దొరికాడట కదా అని అడిగాడు. రెండోది మా ఊరి గ్రూపులోనే పడి ఉంది. ఎవరూ ఎవరికీ పంపలేదు.

అతన్ని ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. అతను బండి తోసుకుంటూ నడిస్తే నేనూ పక్కన నడిచాను, మనవరాలు నా వెంట. ఈ ముసలామె ఎందుకు వెంటబడిందో అతనికి అర్థం కాలేదు. రోడ్డు మీది ఊళ్లో టీకొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్లు ఫోను చూసి అతన్ని చూశారు. నన్ను చూసి ఊరుకున్నారు. ఊరు దాటించి, పెద్ద రోడ్డెక్కించి, ఇంక ఈ దిక్కు రావొద్దని చేత్తో సైగ చేశాను. అతను దండం పెట్టి పోయాడు. ఆ తరవాతి ఊళ్లో అతని పక్కన ఎవరు నడుస్తారో నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు షాపు ఉన్న చోట ఆగాను. ఇప్పుడక్కడ ఫోన్లు బాగు చేస్తారు. అక్కడి నుంచి ఇల్లు చేరేలోపల మనవరాలికి మొత్తం చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. అది మా గడప దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకునే అడిగింది.

"నిజ్జంగానే నీకు ఆ పొద్దు కుట్టి అనే మాట గుర్తుకు రాలేదా అవ్వా?"

"వచ్చింది" అన్నాను.